రోజుకు ఒక మిల్లీమీటరు



మహబూబాబాద్ దగ్గరి పల్లె నుండి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. ఊరి పేరు, కుమారుని పేరు ఇక్కడ వ్రాయడం లేదు. ఇరవై మూడేళ్ళ కుమారుడు రాత్రివేళ తొర్రూరు వైపు నుండి మోటారు సైకిలు మీద వస్తూ పడ్డాడు. కుడి చేతికి భుజానికీ మోచేతికీ నడుమనున్న ఎముక విరిగింది. రెండు నెలలైంది. ఎముక అతుకుతోందని ఎక్స్‌రే చూసి డాక్టరుగారు చెప్పారట. కానీ మణికట్టు పైకి లేవదు, చెయ్యి వాలిపోయి ఉంటుంది, వేళ్ళు చాచలేడు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నారట డాక్టరుగారు. ఇరుగుపొరుగువారు కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకుపొమ్మంటున్నారు. స్వస్థత కూటములకు వెళ్ళివచ్చిన ఒకరైతే, ఇంట్లో విశ్వాసం చాలకనే ఆలస్యమవుతోందని అన్నారట. ఉత్తరం చివర ఆమె ఇలా వ్రాశారు: "వాడు ప్రభు సంస్కారానికి ముందుకు వస్తలేడు. ఎడమ చెయ్యి ఎట్ల చాపాలె అమ్మా అంటున్నడు."

ఇలాంటి ఇళ్ళు మన సంఘాలలో చాలా ఉన్నాయి. జనగామ మీదుగా పోయే హైదరాబాదు–వరంగల్ రహదారి సంగతి మీకు తెలిసిందే. భూపాలపల్లిలో బొగ్గుబాయి షిఫ్టుకు వెళ్ళేవారూ, మిర్చి అమ్మి చీకటిపడ్డాక తిరిగివచ్చే రైతులూ అందరూ బండి మీదే ఆధారపడ్డారు. పడ్డప్పుడు ముందుగా చెయ్యి నేల మీద ఆనుతుంది, లేదా భుజం ఆనుతుంది. అందుకని ఈ నెల శీర్షికంతా ఆ ఒక్క ఉత్తరానికే ఇస్తున్నాను.

అమ్మా, ముందు డాక్టరుగారి మాట గురించి. "చూద్దాం" అన్నది చేతగాక అన్న మాట కాదు. మోచేతి పై ఎముక వెనుకగా చుట్టుకొని ఒక నరం దిగుతుంది. దానిని రేడియల్ నరం అంటారు. మణికట్టును పైకెత్తేది, వేళ్ళను చాచేది ఆ నరమే. ఎముక విరిగినప్పుడు అది సాగుతుంది, నలుగుతుంది. పూర్తిగా తెగిపోవడం తక్కువ. ఇలా వాలిన చేతులలో ఎక్కువ భాగం ఏ ఆపరేషనూ లేకుండా మూడు నాలుగు నెలలలో కదలిక మొదలుపెడతాయి. అందుకే డాక్టర్లు ఆగమంటారు.

అంతకాలం ఎందుకంటే, నరం పెరిగే తీరు అటువంటిది. బాగా నలిగిన నరంలో దెబ్బ తగిలిన చోటికి కింద ఉన్న సన్నని పోగులు చనిపోతాయి. పై తొడుగు మాత్రం పైపులాగా మిగులుతుంది. ఆ పైపులో కొత్త పోగు పైనుంచి కిందికి ప్రాకుతుంది. దాని వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే బియ్యపు గింజ పొడవు ప్రాకాలంటే దాదాపు వారం. విరిగిన చోటు నుండి మణికట్టును లేపే మొదటి కండరం దాకా పది సెంటీమీటర్లు ఉందనుకోండి. వంద రోజులు. బయలుదేరే ముందు అది కొన్నాళ్ళు ఊరకే ఉంటుంది, దానినీ కలుపుకోవాలి. మీ అబ్బాయికి అరవై రోజులే గడిచాయి. లెక్కకు ఇంకా ఆలస్యం కాలేదు.

లోపల పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు ఒక చిన్న పరీక్ష చేస్తారు. నరం వెంట వేలితో తడతారు. కొత్త పోగు ఎంతవరకు వచ్చిందో అక్కడ తట్టగానే కరెంటు తగిలినట్టు జివ్వుమంటుంది. ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టించి, మోచేతి నుండి ఎన్ని సెంటీమీటర్లో కాగితం మీద వ్రాయించుకోండి. నెల తరువాత ఆ జివ్వుమనే చోటు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగితే, కంటికి కదలిక కనబడకపోయినా నరం వస్తోందన్నమాట. నాలుగో నెల నిండినా ఏ మార్పూ లేకపోతే అప్పుడు మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. నరాల పరీక్ష చేయించి, నరం ఆపరేషను చేసే వైద్యునికి చూపించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఓపిక ఆ ఒక్క నరానికే. బండి మీద నుండి పడినప్పుడు తల ఒకవైపుకూ భుజం ఒకవైపుకూ లాగబడితే, మెడ నుండి చేతికి వచ్చే నరాల గుత్తి మొత్తం దెబ్బతింటుంది. అప్పుడు భుజం లేవదు, మోచెయ్యి ముడవదు, చెయ్యి తాడులా వేలాడుతుంది. అలా ఉంటే వారాలలోనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. ఆపరేషను అవసరమైతే ఆరు నెలల లోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. మెడ నుండి అరచేతి దాకా రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున లెక్క వేయండి, రెండేళ్ళు దగ్గర పడుతుంది. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే ఎండిపోతుంది. మాలీషు చేయిస్తూ ఏడాది గడిపి అప్పుడు వెళ్తే వైద్యుడు మాత్రం ఏం చేస్తాడు?

పుత్తూరు పేరు చెప్పి ఊళ్ళలో కట్లు కట్టేవారి గురించి కూడా అడిగారు. చిన్న చిన్న విరుగుళ్ళు వారి చేతిలో అతికి ఉండవచ్చు, కాదనను. నాకు భయం కట్టు బిగుతును చూసి. వాపు వచ్చే చేతికి బిగించి కడితే లోపల రక్తం ఆడదు, ఆరు గంటలు దాటితే ముంజేతి కండరం చచ్చిపోవచ్చు. వేళ్ళు పక్షి గోళ్ళలా ముడుచుకుపోతాయి. ఫోక్‌మన్ అనే జర్మనీ వైద్యుడు 1881లోనే దీనిని వివరించాడు. కట్టు వేసిన తరువాత నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోతే, వేళ్ళు సాగదీస్తే ప్రాణం పోయినట్టుంటే, తిమ్మిరెక్కితే, తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రిలో వేసిన పిండికట్టైనా ఇదే మాట, ఆ రాత్రే వెళ్ళి విప్పించండి.

ఎక్కడికి వెళ్ళాలి? మునుపు ప్రతిదానికీ వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికే పరుగెత్తేవాళ్ళం. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ముందు అక్కడి ఎముకల డాక్టరుకు చూపించండి. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆపరేషను అంటే, అది పథకంలో వస్తుందో రాదో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. మొదటి రోజు నుండి తీసిన ఎక్స్‌రేలన్నీ ఒక సంచిలో పెట్టి వెంట తీసుకువెళ్ళండి. మనవాళ్ళు పారేసేవి అవే.

నరం దారిలో ఉండగా ఇంట్లో చేయవలసిన పని చాలా ఉంది. నరం వచ్చేసరికి కీళ్ళు బిగుసుకుపోయి ఉంటే వచ్చినా ప్రయోజనం ఉండదు. వాలిన మణికట్టును పైకి నిలిపే బద్ద కట్టు ఫిజియోథెరపీ వారు ఇస్తారు, దానిని తీసి మూలన పెట్టకూడదు. రోజుకు నాలుగైదు సార్లు ఎడమ చేత్తో కుడి వేళ్ళను ఒక్కొక్కటిగా చాచాలి, ముడవాలి. భుజం కదపడం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగండి, అడిగాక మానకండి. స్పర్శ తెలియని చోట వేడి నూనె, ఇటుక కాపడం వద్దు, కాలినా వాడికి తెలియదు. చొక్కా గుండీలు మీరు పెట్టకండి. పది నిమిషాలు పట్టనివ్వండి. తల్లికి అది చూడటం కష్టమే, అయినా అవతలి గదిలోకి వెళ్ళండి.

రాయవేలూరు ఆసుపత్రిని ఎరుగని క్రైస్తవ కుటుంబం మనలో అరుదు. అక్కడ పాల్ బ్రాండ్ అనే వైద్యుడు 1946 నుండి పనిచేసి, కుష్ఠురోగుల బిగిసిన చేతులకు ఆపరేషన్లు చేశారు. వైద్యం చదవకముందు ఆయన ఇళ్ళు కట్టే పని నేర్చుకున్నారు. అక్కడే మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. 1954లో ఆమె ప్రయాణిస్తున్న వాహనం బోల్తాపడి, నడుము నుండి కిందికి శరీరం చచ్చుబడిపోయింది. చేతులు మాత్రం నిలిచాయి. చేతుల శస్త్రచికిత్స కూర్చునే చేయవచ్చని బ్రాండ్ ప్రోత్సహిస్తే, ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని ఇతరుల చేతులు బాగుచేశారు. తరువాత విదేశాలలో శిక్షణ పొంది వచ్చి, ఇలా దెబ్బతిన్నవారిని మళ్ళీ పనిలో పెట్టే విభాగాన్ని వేలూరులో నడిపారు. దాని కోసం ప్రత్యేక కేంద్రం 1966లో ఏర్పడింది. 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. ఆమె కాళ్ళు తిరిగి రాలేదు. విశ్వాసం చాలక రాలేదని ఆమెతో ఎవరైనా అనగలరా?

ఆ మాట అన్న సహోదరునికి లూకా సువార్త ఆరవ అధ్యాయం చూపించండి. సమాజమందిరంలోని ఊచచెయ్యి గలవాని సంగతి మూడు సువార్తలలో ఉంది. అది కుడిచెయ్యి అని వ్రాసినది వైద్యుడైన లూకా ఒక్కడే. ఆ మనిషి విశ్వాసం ఎంత అని ప్రభువువారు అక్కడ అడగలేదు. లోపము వెదకుతూ కూర్చున్నవారు వేరే ఉన్నారు. ప్రభువు క్షణంలో బాగుచేసిన చేతిని మనం నమ్ముతున్నాము. రోజుకు ఒక మిల్లీమీటరు పెరిగే నరం కూడా ఆయన చేసినదే గదా. ప్రార్థన చేయండి, బద్ద కట్టు కట్టండి. ఈ రెండిటికీ తగవు పెట్టేవారి మాట వినకండి.

ఇక ఎడమ చెయ్యి. మన దేశంలో ఆ సిగ్గు చిన్నది కాదు, నవ్వి కొట్టివేయకండి. న్యాయాధిపతుల గ్రంథం మూడవ అధ్యాయంలో ఏహూదు ఎడమచేతివాడు. హెబ్రీ మాటలో దానిని "కుడిచెయ్యి బిగిసినవాడు" అనే అర్థం వచ్చేలా వ్రాశారు. ఆ కుడిచెయ్యి పనికిరానిదని కొందరు పండితులంటారు. అదే మాట ఇరవయ్యవ అధ్యాయంలో గురి తప్పని వడిసెలవారికీ ఉంది గనుక గట్టిగా చెప్పలేము. ఏమైనా, దేవుడు ఇశ్రాయేలీయులకు రక్షకునిగా నియమించినది ఎడమచేతివానిని. ప్రభు భోజనము గురించి పౌలు కొరింథీయులకు వ్రాసిన నియమాలలో ఏ చెయ్యి అనే మాటే లేదు.

అయినా మీ అబ్బాయి కుడిచేతితోనే పుచ్చుకోగలడు. అరచేతిని వెల్లకిలా తిప్పినప్పుడు మణికట్టు ముందుకు వాలదు. ఎడమ అరచేతిని కింద పెట్టి, దాని మీద కుడి అరచేతిని ఆనించి చాపమనండి. రొట్టె అందులో పడుతుంది. గిన్నె పట్టుకోవడానికి ఎడమ చెయ్యి సాయం చేస్తుంది. శనివారం సాయంత్రం ఇంట్లో ఒకసారి చేసి చూసుకోమనండి. పాస్టరుగారికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. బద్ద కట్టు విప్పనక్కరలేదు.