డోలీ టైము, పడవ టైము ఎవరి లెక్కలో ఉంది?



ముందు ఒక లెక్క వేద్దాం.

కోనసీమలో, పి.గన్నవరం మండలంలో ఒక లంక ఊరు. జూలై నెల. గోదావరికి ఎర్రనీరు వచ్చి, ఏటిపాయ మీద వేసుకున్న మట్టి దారి కొట్టుకుపోయింది. రాత్రి రెండు గంటలకి యాభై ఏళ్ల కూలి మనిషి గుండె పట్టుకుని లేచి కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. గ్యాసేమో అని ఇంట్లోవాళ్లు సోడా తాగించారు, అరగంట చూశారు. తగ్గలేదు. 108కి ఫోన్ చేశారు. బండి ఇరవై నిమిషాల్లో వచ్చేసింది. అయితే వచ్చింది అవతలి ఒడ్డుకి. మనిషి ఇవతలి ఒడ్డున ఉన్నాడు. పడవ నడిపే ఆయన్ని లేపాలి. మనిషిని మంచం మీద రేవు దాకా మోయాలి. చీకట్లో, వరదనీళ్లలో పాయ దాటాలి. దీనికి గంట. అక్కణ్ణించి దగ్గర ఆసుపత్రికి అరగంట. అక్కడ ఈసీజీ తీసి "ఇది మా వల్ల కాదు, కాకినాడో రాజమండ్రో తీసుకెళ్లండి" అన్నారనుకోండి, ఇంకో గంటన్నర.

మొత్తం కలపండి. నొప్పి మొదలయ్యాక దాదాపు నాలుగు గంటలు. 108 రికార్డులో మాత్రం "ఫోన్ వచ్చిన ఇరవై నిమిషాలకి వాహనం చేరింది" అని ఉంటుంది.

ఇది ఫలానా మనిషి కథ కాదు, నేను ఊహించి వేసిన లెక్క. కానీ ఉడిమూడిలంక, బూరుగులంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట వాళ్లలో ఎవరినైనా అడగండి, వరద రోజుల్లో ఇందులో ఏ అంకె అబద్ధమో చెప్పమనండి.

"మన్యం గురించి రాసేచోట కోనసీమ గోల ఎందుకు?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, కోనసీమలోనూ మనవాళ్లున్నారు. యానాదులు, ఎరుకలవాళ్లు అక్కడ సంఖ్యలో తక్కువే, అందుకే వాళ్ల గొంతు ఇంకా తక్కువ వినిపిస్తుంది. రెండు, పైన మనల్ని ముంచే గోదావరే కింద లంకల్ని ముంచుతుంది. 2022 జూలై గుర్తుందా? భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక నీళ్లలో ఉన్నాయి. అదే నీళ్లు ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి కిందకి పోయి లంకల మీద పడ్డాయి. ఆ రోజుల్లో చింతూరు కొండల్లో గుండెనొప్పి వచ్చినవాడికీ, రాజోలు లంకలో పక్షవాతం వచ్చినవాడికీ మధ్య తేడా ఏముంది? ఒకరికి డోలీ, ఒకరికి పడవ. అంతే గదా!

కోనసీమ అనగానే కొబ్బరిచెట్లు, కాలవలు, పచ్చని పొలాలు, సినిమా షూటింగులు గుర్తొస్తాయి. మ్యాపు తీసి చూడండి. రాజోలు ప్రాంతానికి ఒక పక్క వశిష్ఠ, ఇంకో పక్క వైనతేయ, కింద సముద్రం. అమలాపురం రావాలంటే వైనతేయ దాటాలి. పాలకొల్లు, నరసాపురం పోవాలంటే వశిష్ఠ దాటాలి. అమలాపురం నుంచి కాకినాడ పోవాలంటే యానాం దగ్గర గౌతమి దాటాలి. పెద్ద వంతెనలున్న చోట సరే. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య జనం ఇంకా పంటు మీదే దాటుతున్నారు. కొత్తపేట వైపున్నవాళ్లకి రావులపాలెం, జాతీయ రహదారి దగ్గర, అక్కణ్ణించి రాజమండ్రి త్వరగా పోవచ్చు. అంటే ఒకే జిల్లాలో, ఒకే రాత్రి, ఒకే జబ్బు వచ్చిన ఇద్దరిలో ఒకరు గంటలో పెద్దాసుపత్రికి చేరతారు, ఇంకొకరు తెల్లారేదాకా దారిలోనే ఉంటారు.

ఈ తేడా ఎవరికీ తెలియనిది కాదు. లక్ష్యంలోనే ఉంది. 2020లో కొత్త 108 వాహనాలు మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం ఏం చెప్పింది? పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20 నిమిషాలు, ఏజెన్సీలో 30 నిమిషాల్లో బండి చేరాలని. గుండెకి ఏజెన్సీ గుండె, పట్నం గుండె అని తేడా ఉండదు. అయినా ఘాట్ రోడ్లున్నాయి, దూరాలున్నాయి, ఆ తేడాని అర్థం చేసుకుందాం. నా గొడవ ఆ పదిహేను నిమిషాల గురించి కాదు. ఆ గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్నదాని గురించి.

అది ఫోన్ ఎత్తినప్పుడు మొదలవుతుంది, బండి ఆగినచోట ఆగిపోతుంది. రోగి గడియారం వేరు. అది నొప్పి పుట్టినప్పుడు మొదలై, రక్తపు గడ్డని కరిగించే మందు నరంలోకి ఎక్కినప్పుడు ఆగుతుంది. ఈ రెండు గడియారాల మధ్యనే మన డోలీ ఉంది, మన పడవ ఉంది, సిగ్నల్ కోసం కొండెక్కిన టైము ఉంది, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి రాసిచ్చే చీటీ ఉంది. లెక్కలోకి రాని టైముకి ఎవరూ జవాబుదారీ కాదు. అది తగ్గలేదని ఏ ఆఫీసరునీ అడగలేం.

ఆ టైము ఎంత విలువైనదో చూడండి. గుండెపోటులో గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం గడ్డ కట్టి మూసుకుపోతుంది. అది తెరుచుకోని ప్రతి నిమిషం గుండె కండరం కొంచెం కొంచెం చచ్చిపోతుంది. పక్షవాతంలో ఎక్కువసార్లు మెదడు నాళంలో ఇదే జరుగుతుంది. మెదడుకి పోయే పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నరాల కణాలు చచ్చిపోతాయని డాక్టర్లు లెక్క కట్టారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతంలో మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. గుండెపోటులో 12 గంటల దాకా ఇవ్వొచ్చు గానీ మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినదానికి, ఆ తర్వాత ఇచ్చినదానికి చాలా తేడా. ఇప్పుడు పైన వేసిన లెక్క మళ్లీ చూడండి. ఆ కూలి మనిషికి వచ్చింది గుండెపోటు కాక పక్షవాతం అయి ఉంటే, పెద్దాసుపత్రి గేటు దాటేసరికి అరగంటకి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. ఆ అరగంటలో స్కాన్ తీయాలి, డాక్టరు చూడాలి, మందు ఎక్కించాలి.

ఇక్కడ మన ఉద్యమాల్లో కూడా ఒక పొరపాటు జరుగుతోందని నాకనిపిస్తుంది. ఎక్కడైనా డోలీ ఫోటో వైరల్ అయితే మనం "అంబులెన్స్ ఇవ్వండి" అంటాం. వాళ్లు ఒక బండి ఇస్తారు, జెండా ఊపుతారు, ఫోటో దిగుతారు. 2018లో ఏజెన్సీలో బైక్ అంబులెన్సులు కూడా ఇచ్చారు. మంచిదే. కానీ బండి మందు కాదు, మనిషిని మందు దాకా మోసే సాధనం. చివర్లో మందు లేకపోతే ఎంత వేగంగా మోసి ఏం లాభం?

ఈ రెండు జబ్బులకీ దారి కూడా ఒకటి కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

గుండెపోటుకి మందునే మనిషి దగ్గరికి తేవచ్చు. కావాల్సింది ఈసీజీ యంత్రం, టెనెక్టెప్లేస్ లాంటి గడ్డ కరిగించే ఇంజెక్షన్, శిక్షణ ఉన్న డాక్టరు, ఈసీజీని ఫోన్లో చూసి చెప్పే గుండె డాక్టరు. స్టెంట్ వేసే ఆసుపత్రికి రెండు గంటల్లోపు చేర్చలేమనుకుంటే, ఇవ్వకూడని కారణమేమీ లేనప్పుడు ముందు ఈ ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పంపాలన్నది ప్రపంచమంతా గుండె డాక్టర్లు ఒప్పుకున్న పద్ధతి. మన రాష్ట్రంలోనూ స్టెమీ పేరుతో 2023లో ఈ కార్యక్రమం మొదలైంది. పెద్దాసుపత్రులు మధ్యలో, చిన్న ఆసుపత్రులు చుట్టూ ఉండి, వేల రూపాయల ఇంజెక్షన్‌ని చిన్నచోటే ఉచితంగా ఇవ్వడం దాని ఉద్దేశం. అంటే దారి ప్రభుత్వానికి తెలుసు. మనం అడగాల్సింది ఒక్కటే: ఆ ఇంజెక్షన్ ఈ రాత్రి మా సీహెచ్‌సీ ఫ్రిజ్‌లోనో అల్మరాలోనో ఉందా? ఇచ్చే డాక్టరు రాత్రి డ్యూటీలో ఉన్నారా?

పక్షవాతం అలా కాదు. అది గడ్డ వల్ల వచ్చిందా, నాళం చిట్లి రక్తం కారడం వల్ల వచ్చిందా అన్నది సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. చిట్లినదానికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోతుంది. అందుకే పక్షవాతం రోగిని స్కాన్ లేని ఆసుపత్రికి తీసుకెళ్లి గంట కూర్చోబెట్టడమంటే ఆ గంట పారబోయడమే. నేరుగా స్కాన్ ఉన్నచోటికే పోవాలి. లేదా స్కానే మనిషి దగ్గరికి రావాలి. ఇది గాలిమాట కాదు. జర్మనీలో హోంబుర్గ్ అనే ఊళ్లో 2008లోనే సీటీ స్కాన్ పెట్టిన అంబులెన్స్ తిప్పారు. మన దేశంలో అస్సాంలో కూడా ఐసీఎంఆర్ అలాంటి బళ్లు నడిపి చూసింది. అస్సాంకి సాధ్యమైనది గోదావరికి ఎందుకు సాధ్యం కాదు?

"నాలుగు లంకలకి, పది గూడేలకి ఇంత ఖర్చు పెడతారా?" అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకి సుప్రీంకోర్టే ఎప్పుడో జవాబు చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక కూలి మనిషిని ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత ఇంకోటి పడకల్లేవనీ, సౌకర్యం లేదనీ తిప్పి పంపాయి. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో 1996లో కోర్టు తీర్పిచ్చింది. అత్యవసర వైద్యం సకాలంలో అందకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుని ఉల్లంఘించడమేననీ, డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోలేదనీ చెప్పింది. పీహెచ్‌సీ నుంచి పై ఆసుపత్రులకి చేర్చే అంబులెన్సులు, వాటిలో పరికరాలు, సిబ్బంది ఉండాలని కూడా చెప్పింది. కాబట్టి మనం అడిగేది దయ కాదు.

"రోడ్లు, వంతెనలు పడితే ఈ సమస్యే ఉండదు" అనేవాళ్లూ ఉన్నారు. వంతెనలు పడాల్సిందే, రోడ్లు పడాల్సిందే, ఆ పోరాటం ఆపకూడదు. కానీ వంతెనకి ఏళ్లు పడతాయి. ఈ వర్షాకాలంలో గుండెనొప్పి వచ్చేవాడు అప్పటిదాకా ఆగలేడు. పైగా మారేడుమిల్లి నుంచి చింతూరు పోయే ఘాట్ రోడ్డు ఎంత బాగుచేసినా ఘాట్ రోడ్డే. చింతూరు నుంచి రాజమండ్రి నూరు కిలోమీటర్ల పైనే.

అందుకని మన డిమాండ్లు ఇలా ఉండాలని నా అభిప్రాయం.

మొదటిది: 108 లెక్కలో రోగి గడియారం పెట్టాలి. నొప్పి మొదలైన టైము, రోడ్డు దాకానో రేవు దాకానో మోసిన టైము, మందు ఎక్కిన టైము రాయాలి. మండలాలవారీగా ప్రతి నెలా బయటపెట్టాలి.

రెండోది: లంకలకి, కొండ ఊళ్లకి దగ్గరున్న ప్రతి సీహెచ్‌సీలో ఈసీజీ, గుండెపోటు ఇంజెక్షన్, అది ఇచ్చే డాక్టరు రాత్రీ పగలూ ఉండాలి.

మూడోది: పక్షవాతం రోగిని ఎక్కడికి తీసుకెళ్లాలో 108 సిబ్బందికి ముందే రాసి ఇవ్వాలి. పక్క జిల్లా అయినా, పక్క రాష్ట్రమైనా సరే. ఎటపాక వాడికి భద్రాచలం దగ్గరైతే సరిహద్దు అడ్డం రాకూడదు.

నాలుగోది: వరద నెలల్లో ప్రతి లంక రేవులో రాత్రిపూట ఇంజను పడవ, నడిపే మనిషి జీతం మీద ఉండాలి. కొండ ఊళ్లలో డోలీ మోసే కుర్రాళ్లకి కూడా కూలి కట్టివ్వాలి. ఆ పని చేస్తున్నది ప్రభుత్వం చేయాల్సిన పనే.

ఇక మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి: గత ఏడాది మా మండలంలో గుండెనొప్పి, పక్షవాతం కేసులకి 108 ఫోన్ టైము, చేరిన టైము, ఆసుపత్రికి అప్పగించిన టైము ఇవ్వండని. పేర్లు అడగకండి, టైములు చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే అప్పీలు చేయండి. వచ్చిన కాగితాన్ని గ్రామసభలో చదవండి, తీర్మానం రాయించండి.

ఇంట్లో పెద్దవాళ్లకి ఈ గుర్తులు చెప్పండి. మూతి ఒక పక్కకి పోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది గాలి సోకడం కాదు, పక్షవాతం. మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడో టైము కాగితం మీద రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే. ఛాతీ మధ్యలో బిగుతుగా ఉండి, దవడకో చేతికో లాగుతూ చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోకండి, వెంటనే ఫోన్ చేయండి. ఆ మనిషిని నడిపించకండి. రాత్రిపూట స్కాన్ నడిచే ఆసుపత్రి మీకు దగ్గరలో ఎక్కడుందో ఈ రోజే కనుక్కుని గోడ మీద రాసిపెట్టండి.

కొండ మీద డోలీ మోసే భుజం, లంకలో పడవ తోసే భుజం ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు. ఈసారి మన్యంలో అడిగే ప్రశ్నే లంకల్లోనూ అడగాలి, ఒకే కాగితం మీద, ఒకే రోజు. మీ మండలం నుంచి దరఖాస్తు ఎవరు పెడుతున్నారు? ముందుకు రండి.

జోహార్.