మన ఊరి చెరువును ఇంకో దుర్గం చెరువు చేసుకుందామా?

కొంచెం పెద్ద పోస్టు. పొలం కాడినుంచి వచ్చి చాయ్ తాగుకుంట నిమ్మళంగా చదవండి.

మోతీనగర్, బోరబండ దిక్కు మనోళ్లు లేని ఊరుందా? పెళ్లికో, దవాఖానకో కారు మాట్లాడుకొని పోతాం. వాపసు వచ్చేటప్పుడు పిల్లల గోల షురూ: ఫిలింనగర్ చూపియ్యి, కేబుల్ బ్రిడ్జి చూపియ్యి, సీక్రెట్ లేక్ చూపియ్యి. ఫిలింనగర్‌లో గోడలు, గేట్లు తప్ప కనబడేది ఏం లేదు. సరే అని దుర్గం చెరువు కాడ ఆపుతాం. మొన్న నేనూ ఆపిన.

ఆ చెరువు మామూలుది కాదు. గుట్టల నడుమ దాగి ఉంటది కాబట్టే సీక్రెట్ లేక్ అన్నరు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లు ఇచ్చిన చెరువు. అక్కడి రాతిగుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు. ఇప్పుడు ఆ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపిన్రు. 2020 సెప్టెంబరులో మొదలైన తీగల వంతెన రాత్రిపూట రంగురంగుల లైట్లతో మెరుస్తది. ఫోటోకు బ్రహ్మాండం. కిందికి దిగి నీళ్ల కాడ నిలబడితే మాత్రం ముక్కు మూసుకోవాలె. మన బర్రెను ఆ నీళ్లల్ల దింపుతమా? దింపం. సినిమా సెట్టింగు లెక్కనే ముందర సోకు, వెనక డొల్ల.

"పట్నం అన్నంక గంతే ఉంటది" అంటరు కొందరు. నేను ఒప్పుకోను. మురుగు వచ్చి చెరువు పాడైందని అందరూ అంటరు. అసలు సంగతి తిరగేసి చూడండి. ఆ నీళ్లతో ఎవరికీ పని లేకుండా పోయింది కాబట్టే మురుగు వచ్చింది. తాగే నీళ్లల్లకు ఎవడన్నా మోరీ మలుపుతడా? ఉత్తగ చూసే నీళ్లల్లకైతే మలుపుతడు. అడిగేటోడు ఉండడు. ఆనక శుద్ధి ప్లాంట్లు కట్టాలె, కోట్లు పొయ్యాలె.

ఇదంతా మనకెందుకు అంటరా? 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులు బాగు చేస్తమన్నరు. దాంట్లనే మినీ ట్యాంక్‌బండ్ అనే ముచ్చట కూడా వచ్చింది. ఇప్పుడు ఏ ఊరి పిలగాండ్లను అడిగినా అదే పాట: మా చెరువు కట్టమీద టైల్స్ కావాలె, లైట్లు కావాలె, సెల్ఫీ పాయింట్ కావాలె. సాయంత్రం పూట కట్టమీద కూసునేటందుకు బెంచీ వద్దని నేను అనను. కానీ తూము లీకైతుంటే, వరద కాలువ పూడిపోయి ఉంటే, అలుగు పగిలి ఉంటే, ముందు బెంచీ ఎట్ల వేస్తరు? ఇంట్ల బియ్యం లేకుంటే గోడకు సున్నం వేస్తమా?

ఇంకొకటి. శిఖం భూమిలకు ట్రాక్టర్ దింపేది పట్నపోళ్లు కాదు, మన ఊరోళ్లే. ఇయ్యాల ఒక సాలు, వచ్చే ఏడు ఒక మడి, ఆ తర్వాత హద్దురాళ్లు పాతి ప్లాట్లు. "బోర్లున్నయ్, ఇంక చెరువెందుకు" అనే మొనగాండ్లు కూడా ఉన్నరు. చెరువు నిండిన ఏడు బోరు ఎట్ల పోస్తది, ఎండిన ఏడు ఎట్ల పోస్తదో వాళ్లకు ఎరుక లేదా? పైచెరువు అలుగు పోస్తే కిందిచెరువు నిండేటట్టు మన పెద్దలు గొలుసుకట్టు కట్టిన్రు. హైదరాబాద్‌లో ఆ గొలుసు తెగ్గొట్టిన్రు. 2020 అక్టోబరు వానలకు కాలనీలకు కాలనీలే మునిగినయ్. ఆఖరికి ఆక్రమణలు కూలగొట్టేటందుకు 2024 జూలైలో హైడ్రా పెట్టవలసి వచ్చింది. మన పల్లెకు ఏ హైడ్రా రాదు. చెరువుకు కావలి మనమే.

వచ్చే గ్రామసభకు పనులు బందు పెట్టుకొని అయినా పోండి. ఈ వరుసలో అడగండి. ఒకటి, చెరువు నిండితే నీళ్లు ఎంతదాక వస్తయో సర్వే చేసి హద్దురాళ్లు పాతాలె. రెండు, వరద కాలువ పూడిక తియ్యాలె. మూడు, తూము, అలుగు బాగు చెయ్యాలె. నాలుగు, ఊరి మోరీ నీళ్లు చెరువుల కలవకుండ ఇంకుడు గుంతలకు మలపాలె. ఈ నాలుగు అయినంక టైల్స్ వేస్తరో, లైట్లు పెడతరో వాళ్ల ఇష్టం.

టైల్స్ కోసం తీర్మానం రాస్తుంటే మాత్రం సంతకం పెట్టకండి. ముందు తూము సంగతి తేల్చమనండి.