ఎంతిస్తావ్?

"అమ్మా, ఎంతిస్తావ్?"

ఆ మధ్య జ్వరంతో ముసుగుతన్ని పడుకుని, "కన్నా, మందుల షాపుకెళ్లి మాత్రలు తెచ్చిపెట్టరా" అంటే మా పన్నెండేళ్లవాడు అడిగిన మాట ఇది. కోపం రాలేదు గానీ మనసు చివుక్కుమంది. తీరా ఆలోచిస్తే వాడి తప్పేముంది? ఆ ప్రశ్న నేర్పింది నేనే.

వీధి చివరి నుంచి పాలప్యాకెట్లు తెమ్మంటే సణుగుతున్నాడని, వెళ్లొచ్చినప్పుడల్లా పది రూపాయలు చేతిలో పెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో గెంతుకుంటూ వెళ్లేవాడు. తర్వాత కరివేపాక్కో రేటు, బట్టలు మడతపెట్టినందుకో రేటు! జేబులో డబ్బులున్న రోజు "ఇవాళ నాకొద్దులేమ్మా" అనేవాడు. అంటే వెళ్లనని అర్థం.

డిగ్రీలో అర్థశాస్త్రం చదివేటప్పుడు అది బజారుకీ, బ్యాంకులకీ సంబంధించిన గొడవనుకున్నాను. ఇంట్లో మనుషుల తీరుకి కూడా లాభనష్టాల లెక్క వర్తిస్తుందని చెప్పిన గ్యారీ బెకర్‌కి 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ లెక్క మనం అనుకున్నంత సూటిగా నడవదు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో జరిగింది వినండి.

అక్కడి డే కేర్ సెంటర్లలో కొందరు తల్లిదండ్రులు సాయంత్రం పిల్లల కోసం ఆలస్యంగా వచ్చేవారు. పాపం, టీచర్లు కాచుకుని కూర్చోవాలి. యూరి గ్నీజీ, ఆల్డో రుస్టిచిని అనే ఆర్థికవేత్తలు పది సెంటర్లను తీసుకుని, ఆరింట్లో జరిమానా పెట్టించి చూశారు. పది నిమిషాలు దాటితే పిల్లకి పది షెకెల్‌లు. ఆలస్యాలు తగ్గాయా? రెట్టింపయ్యాయి! జరిమానా ఎత్తేశాక కూడా తగ్గలేదు. 2000లో వాళ్లు ప్రచురించిన ఈ ఫలితం చదివి నా నెత్తిన నేనే మొట్టికాయ వేసుకున్నాను. అంతకుముందు టీచర్ ముందు నిలబడాలంటే ఓ మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది కాస్తా ఆలస్యానికి ధర అయిపోయింది. డబ్బిచ్చాం కదా, ఇంకేం మొహమాటం? నేనూ అంతే, అమ్మకి సాయం చేయడానికి ధర కట్టేశాను.

అలాగని "ప్రేమతో చేసే పనికి లెక్కలేమిటి" అని ఊరుకుందామా? ఆ మాట చాటున నష్టపోయేది మనమే. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో దానికి రోజుకి 299 నిమిషాలు వెచ్చించేవారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చేయనివాళ్లే మగవాళ్లలో ఎక్కువ! ఎందుకు చేస్తారు చెప్పండి? చేయకపోతే వాళ్లకొచ్చే నష్టం ఏముంది? ఖాళీ నీళ్లసీసా ఫ్రిజ్‌లో పెట్టేసినా, మళ్లీ తలుపు తీసేసరికి అది నిండే ఉంటుంది.

జ్వరం తగ్గాక రేట్లన్నీ రద్దు చేశాను. హైఫాలో లాగే మావాడూ కదల్లేదు. నేనూ కదల్లేదు. పాలు రాలేదు. పొద్దున్నే వాడికి బూస్టు లేదు, మావారికి కాఫీ లేదు. అరవలేదు, అలగలేదు. "పాలు లేవు" అన్నానంతే. మూడో రోజు తండ్రీకొడుకులిద్దరూ చెప్పులేసుకున్నారు! రూపాయి ఖర్చు లేదు. పని ఎగ్గొడితే వచ్చే ఇబ్బంది అంతవరకూ నేనొక్కదాన్నే మోశాను, ఇప్పుడు వాళ్లకీ కాస్త తగిలింది, అంతే.

జ్వరంలో వాడు అడిగిన మాట ఎంత నొప్పించిందో కూడా ఓ రోజు కూర్చోబెట్టి చెప్పాను. తలొంచుకుని విన్నాడు. పూర్తిగా మారిపోయాడని అనను. అప్పుడప్పుడూ ఆ పాత ప్రశ్న వాడి నాలుక చివరిదాకా వస్తూనే ఉంటుంది. నేను తెచ్చిన అలవాటు, పోవడానికి టైము పడుతుంది మరి.

మీ ఇంట్లో ఏ పనికి ఏ రేటు నడుస్తోంది? ఏ పని ఎగ్గొడితే నష్టం మీ ఒక్కరికే పడుతోంది? ఓసారి లెక్క చూసుకోండి.