చెరువు పక్కన ఇళ్ళు: కూల్చేటప్పుడు కాదు, కట్టకముందే అడగాలి



హైదరాబాద్ చెరువుల గొడవ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా మన ప్రవాసుల్లో రెండు జట్లు తయారవుతాయి. కబ్జాదారుల్ని వదలొద్దు, బుల్డోజర్లు దించాల్సిందే అంటుంది ఒక జట్టు. పర్మిషన్ ఇచ్చి, రిజిస్ట్రేషన్ చేసి, బ్యాంకు లోనూ ఇప్పించి ఆ తర్వాత కూలుస్తారా అంటుంది రెండోది. 2024 జులైలో హైడ్రా పుట్టిన దగ్గర్నుంచి ఈ వాదన మరీ ముదిరింది. ఆ సెప్టెంబరులో మల్లంపేటలో కడుతున్న విల్లాలు, అమీన్‌పూర్‌లో భవనాలు ఆదివారాల్లోనే కూలాయి. ఆదివారం ఎందుకు కూల్చారని సెప్టెంబరు 30న హైకోర్టే నిలదీసింది.

రెండు జట్ల మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ వదిలేస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆ చెరువు పక్కన ఇళ్ళు కడతామని బిల్డరు మొదటిసారి దరఖాస్తు పెట్టుకున్న రోజున, ఆ ఊరి వాళ్ళని ఎవరైనా పిలిచి అడిగారా?

అడగలేదు. అడగాలన్న నియమమే లేదు. మాస్టర్ ప్లాన్ మారుస్తున్నప్పుడో, వ్యవసాయ భూమిని నివాస భూమిగా మారుస్తున్నప్పుడో అభ్యంతరాలుంటే చెప్పండని ప్రకటన వేస్తారు. లేఅవుటుకీ, భవనానికీ అనుమతిచ్చేటప్పుడు అదీ ఉండదు. కేంద్రం 2006లో తెచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి. అదే నోటిఫికేషన్ సిమెంటు ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ జరపమంటుంది, ఇళ్ళ ప్రాజెక్టులకు మాత్రం మినహాయింపు ఇచ్చేసింది! ఇళ్ళకేం పొగ రాదు కదా అనుకున్నారేమో. ఆ పైన 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. పెద్ద భవనాలకు 21 రోజుల్లో అనుమతి, గడువు దాటితే వచ్చినట్టే లెక్క అని గొప్పగా చెప్పుకున్నారు. లంచాలు తగ్గించడానికి అది మంచిదే, కాదనను. కానీ చెరువు పక్క స్థలానికి కావాల్సింది వేగం కాదు.

కాగితం మీద రూలు బాగానే ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఇంతకీ ఆ ఎఫ్‌టీఎల్ ఎక్కడ? హెచ్ఎండీఏ పరిధిలో మూడు వేలకు పైగా చెరువులుంటే, 2024 మధ్య నాటికి తుది నోటిఫికేషన్ అయినవి అందులో సగం కూడా లేవు. హద్దే తేలని చెరువుకి 30 మీటర్లు ఎక్కణ్ణుంచి కొలుస్తారు?

నిజానికి ఆ హద్దు ఊళ్ళో వాళ్ళకి తెలుసు. చెరువు నిండి అలుగు దూకేటప్పుడు నీళ్ళు ఎంతవరకు వస్తాయో అదే ఎఫ్‌టీఎల్. శిఖం భూమి సాగు చేసిన రైతుకి ఏ గట్టు దాకా మునుగుతుందో ఏ సర్వేయరూ చెప్పక్కర్లేదు. ఆ భూముల్లో చాలావాటికి పట్టాలున్నాయి, అబద్ధం కాదు. నీళ్ళు తగ్గాక పంట వేసుకోవడానికే తప్ప, పునాదులు తవ్వడానికి కాదు. ఎండాకాలంలో కారులో వచ్చిన అధికారికి అక్కడ చదునైన నేలే కనబడుతుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. అలుగుని కాస్త పగలగొడితే నిలిచే నీళ్ళు తగ్గిపోతాయి, చెరువు తనంతట తానే చిన్నదైపోతుంది. ఎవరు పగలగొట్టారో, ఎప్పుడు పగలగొట్టారో ఫైల్లో ఉండదు. ఊరి జనం ముందు విచారణ పెడితేనే బయటికొస్తుంది.

మనలో ఎంతోమంది ఉంటున్న న్యూజెర్సీనే చూడండి. ఓ చెరువు పక్కన నలభై ఇళ్ళు కడతామని ఎవరైనా వస్తే, స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతివాళ్ళకీ కనీసం 10 రోజుల ముందు నోటీసు పంపాలి. ప్లాన్లు అందరూ చూసుకోవడానికి అన్ని రోజుల ముందే ఆఫీసులో పెట్టాలి. బిల్డరు ఇంజనీరు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాలి. వాననీళ్ళు ఎటు పోతాయని మామూలు పౌరుడు లేచి అతన్ని ప్రశ్నించవచ్చు. బోర్డు అవునన్నా కాదన్నా కారణాలు రాతలో ఇవ్వాలి. కోర్టుకెళ్ళే వాడికి ఆ రాతే ఆధారం.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. పేదవాళ్ళకు అందుబాటులో ఉండే ఇళ్ళు మా ఊరికి రాకూడదని ఇవే బోర్డుల్ని, ఇవే జోనింగ్ రూళ్ళని వాడుకున్న పట్టణాలున్నాయి. అది చెల్లదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1975లో మౌంట్ లారెల్ కేసులో చెప్పాల్సి వచ్చింది. కాబట్టి విచారణ అంటే ఇరుగుపొరుగుకి వీటో ఇవ్వడం కాకూడదు. నీళ్ళ గురించి అడిగిన ప్రశ్నకి జవాబు రికార్డులోకి ఎక్కాలి, అంతవరకే.

ఆ జవాబు లేకపోతే ఏమవుతుందో 2020 అక్టోబరులో చూశాం. పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీ మునిగింది (పేరు వింటేనే గల్ఫ్ గుర్తొస్తుంది కదూ). కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగింది. పైన ఎవరో పూడ్చిన నీటికి కింద ఇంకెవరో సామాన్లు పోగొట్టుకుంటారు.

ఇందులో మనకేం పాత్ర అంటారా? 'లేక్ వ్యూ' ఫ్లాట్లు కొనేవాళ్ళలో మనం తక్కువేం లేము. ఆ బ్రోచర్లు డాలర్లలో, దిర్హాముల్లో జీతాలొచ్చే ఊళ్ళని వెతుక్కుంటూ వస్తాయి. అసోసియేషన్ల సభలకి వచ్చే మంత్రులకి శాలువాలు కప్పుతున్నప్పుడు, వాళ్ళ చేతికి ఒక వినతిపత్రం కూడా ఇవ్వొచ్చు. ఎఫ్‌టీఎల్ హద్దుకి అర కిలోమీటరు లోపు వచ్చే ప్రతి ఇళ్ళ ప్రాజెక్టుకీ అనుమతికి ముందు స్థానికంగా బహిరంగ విచారణ పెట్టాలి, నీటిపారుదల శాఖ ఇచ్చిన ఎన్ఓసీ పటంతో సహా అందరికీ కనబడాలి, దాని మీద సంతకం పెట్టిన అధికారి పేరూ ఉండాలి. అడగాల్సింది ఇంతే, పెద్ద విప్లవమేం కాదు.

వచ్చే ప్రాపర్టీ షోలో స్టాల్ దగ్గర నవ్వుతూ నిలబడ్డ కుర్రాడిని చెరువు ఫోటో పక్కన పెట్టి, ఎఫ్‌టీఎల్ పటం మీద ఆ సర్వే నంబరు ఎక్కడుందో చూపించమనండి. రెరా నంబరు చూపిస్తాడు, బ్యాంకు పేరు చెబుతాడు. ఆ రెండూ అమీన్‌పూర్ వైపు కూడా వినిపించిన మాటలే. పటం చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.