కోతకి ముందు ఓ మాట

"ఇద్దరు పిల్లలున్నారు, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయిపోయింది. ఇంకా ఆ సంచితో పనేముంది? తీయించేసుకుంటే ఓ బాధ వదిలిపోతుంది!"

ఈ మాట మీరూ వినే వుంటారు. అనే వుంటారేమో కూడా. నేనైతే అన్నాను, మా తోటికోడలితోనే. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

అప్పటికి తనకి 34 ఏళ్ళు. నెలసరి పదేసి రోజులు, నడుంనొప్పి, తెల్లబట్ట. ఎవరితోనూ చెప్పుకోలేక రెండేళ్ళు నెట్టుకొచ్చింది. చివరికి నేనే తోడుండి ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్ష చేశారు, స్కానింగు తీశారు. "సంచి మూతి దగ్గర పుండుంది. అశ్రద్ధ చేస్తే క్యాన్సర్ కావచ్చు. తీసెయ్యడం మంచిది" అన్నారు. అంతా కలిపి అయిదు నిమిషాలు.

క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఇంకే ఆడదానికి ప్రశ్నలు గుర్తుంటాయి? ఆ రాత్రంతా పడుకున్న పిల్లల మొహాలు చూస్తూ కూర్చుందట. మర్నాడు సంతకం పెట్టేసింది. ఆ కాగితంలో ఏముందో తనూ చదవలేదు, నేనూ చదవలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళకి మొదలైంది అసలు అవస్థ. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు, అర్ధరాత్రి చెమటలు, నిద్ర లేదు. వంటింట్లో నిలబడి ఊరికే ఏడ్చేది. "రోగం పోయిందిగా, ఇంకా ఏమిటీ గోల?" అని మా మరిది విసుక్కునేవాడు. "పనిలో పడితే అదే సర్దుకుంటుంది" అని నేను నీతులు చెప్పాను.

ఏడాది గడిచాక మరో డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, "సంచితో పాటు అండాశయాలు రెండూ తీసేశారుగా, చెప్పలేదా?" అంది. అవి పోతే ఏభైకి దగ్గర్లో రావలసిన మార్పు రాత్రికి రాత్రే వచ్చిపడుతుంది. అందుకే ఆ సెగలు, ఆ దిగులు. అది విని మా తోటికోడలు అన్న మొదటి మాట ఇది: "అయితే నాకు పిచ్చెక్కలేదన్నమాట!" ఏడాదిగా తనని తాను పిచ్చిదనుకుంటూ బతికింది. ఇంట్లో ఇంతమందిమి వుండీ!

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి ఎనిమిది మందికి పైనే! మన ఆడవాళ్ళకే ప్రత్యేకంగా అన్ని జబ్బులు వచ్చిపడ్డాయా?

నన్నడిగితే సగం జబ్బు, సగం భయం. చెప్పుకోవడానికి సిగ్గు. చెప్పుకున్నా వినే ఓపిక ఎవరికీ లేదు. నెలనెలా బాధపడి విసిగిపోయిన మనిషికి ఎవరైనా "తీసేద్దాం" అంటే వరంలా వినిపిస్తుంది. ఆ అలసటకి, ఆ భయానికి కావలసింది ముందు నాలుగు మంచి మాటలు. మనం కత్తి చూపిస్తున్నాం.

ఈ ఆపరేషనే వద్దని నేననడం లేదు. క్యాన్సర్ వున్నా, మందులకి లొంగని రక్తస్రావమైనా అది ప్రాణం నిలబెడుతుంది. కానీ తెల్లబట్ట చాలామందిలో మామూలు సంగతే. ఇన్‌ఫెక్షనైతే మందులతో తగ్గుతుంది. బాధ పెట్టని చిన్న చిన్న గడ్డల్ని వదిలెయ్యొచ్చు. మూతి దగ్గర పుండు అనేది చాలాసార్లు లోపలి పొర కాస్త బయటికి కనిపించడమే, క్యాన్సర్ కాదు. అనుమానముంటే పాప్ స్మియర్ పరీక్ష వుంది.

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, అనవసరంగా గర్భసంచులు తీసెయ్యకుండా కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చెయ్యాలని రాష్ట్రాలని ఆదేశించింది. మంచిదే. కానీ డాక్టరు గదిలో మన పక్కన కోర్టు కూర్చోదు. అక్కడ నోరు విప్పవలసింది మనమే.

నా జబ్బు పేరేమిటి? మందులతో తగ్గదా? ఇప్పుడే తీయకపోతే ఏమవుతుంది? అండాశయాలు వుంచుతారా? తర్వాత నా ఒంట్లో, మనసులో ఏ మార్పులొస్తాయి? ఈ అయిదూ చీటీ మీద రాసుకుని వెళ్ళండి. అడిగితే డాక్టరు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. తొందర లేని జబ్బయితే మరో డాక్టరుకి చూపించండి.

ఇప్పటికే తీయించుకున్నవాళ్ళు ఇంట్లో వుంటే, "ఇంకా ఏం రోగం?" అనకండి. రాత్రి నిద్ర పడుతోందా అని అడగండి. నేనా మాట అడగడానికి ఏడాది పట్టింది. మీరు ఇవాళే అడగండి.