సగటు చెప్పని లెక్క

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతానోత్పత్తి రేటు దేశంలో 2.0, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. దేశవ్యాప్తంగా ముస్లింలది 1992-93లో 4.4 కాగా, ఈ సర్వే నాటికి సుమారు 2.4కు దిగివచ్చింది. మన ఇళ్లలోని పిల్లల సంఖ్యపై వాదించేవారు ఈ తగ్గుదలను అరుదుగా ప్రస్తావిస్తారు. అది వేరే సంగతి. మేము అడగదలచింది వేరు. ఆ పిల్లలు ఏయే ఇళ్లలో ఉన్నారు?

హిందూపురంలోని ఒక వీధిలో పదిమంది తల్లులున్నారనుకుందాం. ఎనిమిదిమందికి ఒక్కొక్క బిడ్డ, మిగిలిన ఇద్దరికి ఆరుగురు చొప్పున. మొత్తం ఇరవైమంది, సగటు ఇద్దరు. పక్కవీధిలో పదిమందికీ ఇద్దరేసి బిడ్డలు. సగటు అక్కడా ఇద్దరే. కాగితం మీద రెండు వీధులూ ఒకటే! అయితే మొదటి వీధి పిల్లలను పిలిచి, మీ ఇంట ఎందరు పిల్లలని అడగండి. ఇరవైమందిలో పన్నెండుమంది ‘ఆరుగురం’ అంటారు. తల్లుల వైపు నుంచి రెండుగా కనిపించిన సగటు పిల్లల వైపు నుంచి నాలుగవుతుంది. జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ 1976లోనే ఈ తేడాను వివరించారు. ఆదాయ అసమానతను కొలిచే గిని సూచికతో చూసినా రెండో వీధికి సున్నా, మొదటి దానికి 0.4 వస్తుంది.

అదే సర్వేలో దేశంలోని నిరుపేద వర్గపు స్త్రీలకు 2.6, సంపన్నులకు 1.6. అంటే ఎక్కువమంది పిల్లలు పెరిగేది తక్కువ ఉన్న ఇళ్లలోనే. ధర్మవరం మగ్గాల ఇళ్లూ, పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగార ఉద్యోగుల ఇళ్లూ ఆ సర్వేలో ఒకే అనంతపురం జిల్లా లెక్కలో కలిసిపోయాయి. శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో కదా.

ఇది పంపకం దగ్గర తేలుతుంది. 2020లో మొదలైన అమ్మఒడి తల్లికి 15,000 రూపాయలు ఇచ్చేది, పిల్లలెందరైనా. ఆరుగురూ బడికి వెళ్తుంటే తలకు 2,500. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం చదివే ప్రతి బిడ్డనూ లెక్కిస్తోంది. రమజాన్‌లో మన మసీదు కమిటీలు కట్టే సరుకుల సంచులు మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ ఇంటికొకటే. జకాత్ జాబితాలో ఇంటి యజమాని పేరు పక్కన పిల్లల సంఖ్యకు ఒక గడి గీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే రమజాన్‌కు ముందే గీయవచ్చు.