మంచులో చిక్కిన ఓడలు

పిల్లలూ, సముద్రయానపు సాహసకథలంటే మీకు ఇష్టమే గదా! జూల్ వెర్న్ అనే ఫ్రెంచి రచయిత, కాప్టెన్ హాటెరాస్ అనే నావికుడు ఉత్తర ధ్రువానికి పోయినట్టు ఒక నవల రాశాడు. అది 1866లో పుస్తకంగా వెలువడింది. హాటెరాస్ కల్పితుడే. కాని ఆ కథలో పాత్రలు తలుచుకునే ఫ్రాంక్లిన్ మాత్రం నిజంగా ఉండిన మనిషి.

అమెరికాకు ఉత్తరాన, మంచు సముద్రం గుండా ఆసియాకు పోయే దారి కోసం యూరపువాళ్ళు చాలాకాలం వెతికారు. 1845 మే నెలలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఆ పని మీదనే ఇంగ్లండు నుంచి బయలుదేరాడు. ఎరెబస్, టెర్రర్ అని రెండు ఓడలు. వాటిలో ఆవిరి యంత్రాలున్నాయి, మూడేళ్ళకు సరిపడే తిండి ఉన్నది. అయినా, మంచులోకి వెళ్ళిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు!

వాళ్ళు ఏమైనట్టు? 1859లో కింగ్ విలియం దీవిలో, ఒక రాళ్ళకుప్పలో చీటీ దొరికింది. 1846 సెప్టెంబరులో ఓడలు మంచులో బిగుసుకుపోయాయి. 1847 జూన్ 11న ఫ్రాంక్లిన్ చనిపోయాడు. 1848 ఏప్రిల్‌లో, మిగిలిన 105 మంది ఓడలు విడిచి, దక్షిణాన ఉన్న ఒక నదికేసి నడక సాగించారు. చీటీలో ఉన్నది అంతే.

ఆ తరవాత జరిగింది తెలిసినవారు లేకపోలేదు. ఆ మంచుసీమలో కాపురముండే ఇన్యూట్ ప్రజలు, ఆకలితో నడుస్తూ చనిపోయిన తెల్లవాళ్ళను గురించి 1854లో జాన్ రే అనే వైద్యుడికి చెప్పారు. ఇంగ్లండులో చాలామంది ఆ మాట నమ్మలేదు. ఒక ఓడ ఎక్కడ మునిగిందో కూడా ఇన్యూట్లు చెప్పారు; తాతలు మనమలకు చెబుతూ ఆ సంగతి నిలుపుకున్నారు. చివరకు 2014లో ఎరెబస్ వాళ్ళు చెప్పిన ప్రాంతంలోనే నీటి అడుగున కనిపించింది! 2016లో టెర్రర్ కూడా ఒక ఇన్యూట్ చెప్పిన గుర్తులను బట్టే దొరికింది.

ఇంతకూ ఆ దారిని మొదట ఓడలో దాటిన నాయకుడెవరో తెలుసా? నార్వే దేశపు అముండ్సెన్. 1903లో అతను ఒక చిన్న ఓడలో, ఆరుగురిని మాత్రమే వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఆ కింగ్ విలియం దీవిలోనే దాదాపు రెండేళ్ళు ఉండి, చలికి తట్టుకునే తోలుదుస్తులు ఎలా తొడగాలో, మంచులో ఎలా బతకాలో ఇన్యూట్ల దగ్గర నేర్చుకున్నాడు. 1906లో ప్రయాణం ముగించాడు.

అందుచేత, ఈసారి సముద్రయానపు నవల చదివేటప్పుడు, నాయకుడినే కాక, ఆ చోట పుట్టి పెరిగినవారిని కూడా గమనించండి. వాళ్ళకు దారి తెలిసి ఉండవచ్చు.